శుక్రవారం వణికే చక్రం

ఏడో ప్రకరణం

ఆ శ్రావణ శుక్రవారం ఆరు కావడానికి ఇంకా ముప్పావుగంట ఉందనగా అబ్రహాము ధవళేశ్వరం రేవులో 'శారద' లాంచీ దగ్గరికి చేరాడు. చేతిలో గొడుగు, కోటు జేబులో గడియారం, కడుపులో భార్య సంపూర్ణమ్మ పెట్టిన చద్దన్నం. లోకంతో ఆయనకు ఏ తగాదా లేదు. ఇరవయ్యేళ్లు ఇంజన్లకు మరమ్మతులు చేసి, ఆ తర్వాత పదేళ్లుగా మనుషుల గుట్టుమట్లు విప్పే పని పెట్టుకున్నాడు. ఇనుము మీద అరచెయ్యి ఆనించి రోగం చెబుతాడని రేవు జనం ఆయన్ని నాడి అబ్రహాం అంటారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా సరదా.

ఆయన్ని ఈ వ్యవహారంలోకి దింపింది పెద్దింట్లమ్మ. మొన్న సాయంత్రం తాటాకు బుట్టతో వచ్చి అరుగు ముందు నిలబడింది.

"మా ఆయన చుక్క ముట్టడండి. గంగమ్మతోడండి. వణికింది చక్రమండి, ఆయన చెయ్యి కాదండి."

ఆమె మొగుడు పల్లంరాజు 'శారద'కు సరంగు. చుక్కాని చక్రం పట్టి లాంచీ నడిపేవాడు. పోయిన శుక్రవారం చింతలంక లాకుల దగ్గర లాంచీని తీసుకెళ్లి ఒక సున్నపు పడవకు కొట్టాడు. పడవవాడి కాలు విరిగింది. పల్లంరాజు తాగి నడిపాడని ఇన్స్పెక్టరు నరసింహమూర్తి కేసు రాశాడు. ఇవాళ మూడింటికి కాకినాడ కోర్టులో విచారణ. జైలు సంగతి అలా ఉంచినా, తాగి గుద్దాడన్న మాట ఒక్కసారి కాగితం మీద పడితే బతికున్నన్నాళ్లూ ఏ లాంచీ చక్రమూ అతని చేతికి రాదు. చక్రం పట్టడం తప్ప అతనికి ఇంకో పని తెలియదు.

అబ్రహాము సరేననక ముందే సంపూర్ణమ్మ బుట్ట లోపలికి తీసుకుపోయింది. బుట్టలో పులస ఉంది. ఇక ఒప్పుకోక తప్పుతుందా?

లాంచీ ముందు భాగంలో బల్ల మీద ఇన్స్పెక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. సన్నటి మనిషి, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, జరీ తలపాగా. పక్కనే చేతులకు సంకెళ్లతో పల్లంరాజు నిలబడ్డాడు. నిందితుణ్ణి కోర్టుకు తీసుకుపోవడానికి నిందితుడి లాంచీయే దొరికింది.

"ఏమయ్యా అబ్రహామూ, నాడి చూడ్డానికి వచ్చావా?"

"చిత్తమండి. రోగిని చూడకుండా మందెలా ఇస్తామండి?"

"రోగి ఇదిగో, నా పక్కనే ఉన్నాడు. చక్రానికేం రోగం లేదు. సోమవారం నేనే ఎక్కి రెండు గంటలు పరుగు పెట్టించాను. సూది మొనంత కూడా కదల్లేదు."

"సోమవారం కదలదండి. అది శుక్రవారం జబ్బండి."

ఇన్స్పెక్టరు కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఇనుముకు కూడా వారాలూ వర్జ్యాలూ ఉన్నాయా?"

"నాకూ అదే వింతగా ఉందండి." అబ్రహాము జేబులోంచి కాగితం తీశాడు. "నిన్న చింతలంక వెళ్లి లాకుల పుస్తకం చూశానండి. ఏ లాంచీ ఎన్నింటికి వచ్చిందో రాస్తారు కదండి. 'శారద' ఇక్కడ ఆరింటికి కదిలితే అక్కడికి ఎనిమిదింటికి చేరాలి. ఏ రోజు చూసినా అయిదు నిమిషాలు అటూ ఇటూ. శ్రావణంలో మొదటి శుక్రవారం మాత్రం ఎనిమిదీ నలభై. రెండో శుక్రవారం ఎనిమిదీ నలభై రెండు. మర్నాటి తిరుగు ప్రయాణంలో ఆలస్యం లేదు."

"అంటే శుక్రవారం శుక్రవారం తాగుతాడు."

"తాగినవాడు జోరు పెంచుతాడు గానీ తగ్గిస్తాడా అండి? చక్రం వణుకుతోందని జోరు తగ్గించాడు, అందుకని నలభై నిమిషాలు ఎక్కువ పట్టింది. మూడో శుక్రవారం ఎనిమిదీ అయిదుకే చేరాడు, పడవను గుద్దాడు. ఆవేళ ఎందుకు తగ్గించలేదు పల్లంరాజూ?"

పల్లంరాజు తలెత్తలేదు. "ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తానని ఏజెంటుగారు కేకలేశారండి. సరేనని జోరుగా తోలాను. లాకులు దాటాక మలుపులో చక్రం చేతుల్లోంచి లాగేసుకుందండి."

అదే సమయానికి ఏజెంటు చంద్రరావు గట్టు దిగి వచ్చాడు. గుండ్రటి మొహం, ఎప్పుడూ నవ్వు. ఇన్స్పెక్టరుగారికి స్వయానా బావమరిది. ఓనరు నరసాపురంలో ఉంటాడు కాబట్టి ఈ రేవులో లాంచీకి దిక్కూ మొక్కూ ఈయనే. చేతిలో మూత పెట్టిన ఇత్తడి గిన్నె ఉంది.

"అక్కయ్య గారెలు పంపింది బావా. అబ్రహాంగారూ, మీరూ తిందురుగాని. ముందు పూజ కానివ్వండి, నేను సోదా చూసుకుంటాను."

సోదా ఎందుకంటే, శ్రావణం మొదలైన దగ్గర్నుంచి మూడు గుళ్లలో అమ్మవారి నగలు పోయాయి. దొంగ సొత్తు కాకినాడ చేరి ఓడెక్కకుండా కాలువ మీద కదిలే ప్రతి పడవనూ వెతికించమని ఇన్స్పెక్టరు హుకుం జారీ చేశాడు. 'శారద'ను చంద్రరావు వెతికి చీటీ రాసిస్తే చాలు, దారిలో ఇంకెవరూ మూటలు విప్పనక్కర్లేదు.

"గురివిందగింజంత బంగారం కూడా నా కళ్లు గప్పి ఈ కాలువ దాటదు," అన్నాడు ఇన్స్పెక్టరు, అబ్రహాముకు వినబడాలనే.

పూజ అంటే పెద్ద తతంగమేమీ కాదు. ఆకు దొన్నెలో పసుపన్నం, వెలిగించిన ప్రమిద. దాన్ని లాంచీ వెనకభాగాన నీళ్లలో గంగమ్మకు వదిలి, లాంచీ మనుషులంతా గట్టెక్కి వేపచెట్టు దాకా నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. తాంబూలం నమిలి ఊసేదాకా అక్కడే ఆగాలి. ఇది పల్లంరాజు తండ్రి నాటి నుంచి వస్తున్న ఆచారం. సంకెళ్లతోనే పల్లంరాజు దొన్నె వదిలాడు. అతని బదులు వచ్చిన కొత్త సరంగు, లాంచీ పని చేసే కళాసులు, పల్లంరాజు వెంట ఇన్స్పెక్టరు, అందరూ గట్టెక్కారు. అబ్రహామూ నడిచాడు.

"ఇంతమందిమి ఇక్కడుంటే లాంచీలో ఎవరుంటారు పల్లంరాజూ?"

"ఇంజను దగ్గర లోవరాజు ఉంటాడండి. నిప్పు వదిలేసి రాకూడదు కదండి. సోదాకి ఏజెంటుగారు."

"ఎంతసేపు ఆగుతారు?"

"ఇదివరకు ఒక తాంబూలమేనండి. చక్రం వణకడం మొదలెట్టాక అమ్మకు కోపమొచ్చిందనుకుని రెండు చేశానండి. ఇప్పుడు మూడు."

బైబిల్లో లోతు అనే ఆయన భార్య వద్దన్నా వెనక్కి చూసి ఉప్పు స్తంభమైపోయిందని అబ్రహాము ప్రతి ఏడూ చర్చిలో వింటూనే ఉన్నాడు. అయినా ఆ మాట లోతు భార్యకు చెప్పారు గానీ తనకు చెప్పలేదు కదా అనుకుని ఒక్కసారి వెనక్కి తిరిగాడు. గాలి లేదు. కాలువ నీళ్లు అద్దంలా ఉన్నాయి. లాంచీ వెనక దొన్నె మాత్రం ఎగిరెగిరి పడుతోంది, అవతలి పక్క నుంచి ఎవరో నీళ్లు కెలుకుతున్నట్టు.

వాళ్లు దిగి వచ్చేసరికి చంద్రరావు తడిబట్టలు మార్చుకుని, విభూతి పెట్టుకుని ఉన్నాడు. శ్రావణ శుక్రవారం కాలువ స్నానమట. ఆకుల్లో గారెలు వేసి తలా రెండు అందించాడు. అల్లం, పచ్చిమిర్చి బాగా పడ్డాయి. అబ్రహాము ఆనందంగా నములుతూ, అందించిన చేతి వంక చూశాడు. కలం పట్టే మనిషి గోళ్లలో సిరా ఉండొచ్చు. స్నానం చేసి వచ్చినవాడి గోళ్లలో తారెందుకుంది? ఆ మాట పైకి అనలేదు. ఇంకో గారె అడిగి వేయించుకున్నాడు.

ప్రయాణికులు ఎక్కాక ఆరింటికి లాంచీ కదిలింది. ఊరు దాటి కాలువ బారుగా సాగే చోట అబ్రహాము ఇన్స్పెక్టరు దగ్గరికి వెళ్లాడు.

"కొత్త సరంగు చేతిలో వణికితే వీడికీ తాగుడుందంటారు. తమరే ఒకసారి చక్రం పడితే పేచీ ఉండదండి."

"పట్టాననుకో. వణక్కపోతే?"

"నేను ఈ పని మానేసి సంపూర్ణమ్మకు పప్పు రుబ్బిపెడతానండి."

ఇన్స్పెక్టరు పౌరుషంగా లేచి రెండు చేతులా చక్రం పట్టుకున్నాడు. చక్రం పక్కనే తల మీదుగా తాడు వేలాడుతోంది. అది లాగితే కింద ఇంజను గదిలో గంట మోగుతుంది. ఒక గంటకు ఆపాలి, రెండుకు మెల్లగా, మూడుకు పూర్తి జోరు. కొత్త సరంగు మూడు గంటలు కొట్టాడు.

మొదట ఏమీ లేదు. ఇన్స్పెక్టరు మీసం కింద నవ్వు మొలిచింది. లాంచీ జోరందుకుంది. చక్రంలో ఎక్కడో చిన్న జలదరింపు మొదలై, మణికట్టు దాకా వచ్చి, మోచేతులు ఎక్కింది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. తలపాగా పక్కకు ఒరిగింది. వదిలేస్తే పరువు పోతుందని ఇన్స్పెక్టరు పళ్లు బిగించి పట్టుకున్నాడు గానీ చెంపలు కూడా అదురుతున్నాయి.

"ఇన్స్పెక్టరుగారండీ," అన్నాడు అబ్రహాము ఎంతో వినయంగా, "తమరేమైనా పుచ్చుకున్నారా అండి, పొద్దున్నే?"

ప్రయాణికులు పగలబడి నవ్వారు. సంకెళ్లతో ఉన్న పల్లంరాజు మాత్రం నవ్వలేదు. ఎవరి చేతులో తన చేతుల్లా అదరడం చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"వణికింది, ఒప్పుకున్నాను," అన్నాడు ఇన్స్పెక్టరు, కళ్లద్దాలు సర్దుకుంటూ. "చుక్కాని వదులైంది. సరంగు చూసుకోవద్దూ? అదీ వాడి తప్పే."

"చూద్దామండి." అబ్రహాము తాడు ఒక్కసారి లాగాడు. ఇంజను ఆగింది. లాంచీ ఇంకా అదే ఊపులో నీళ్లు కోసుకుంటూ పోతోంది. ఆయన చక్రం మీద అరచెయ్యి వేశాడు. "తమరూ వెయ్యండి. వణుకుందా?"

"లేదు."

"చుక్కాని నీళ్లలోనే ఉంది, లాంచీ జోరూ తగ్గలేదు, వణుకు మాత్రం ఆగింది. కాబట్టి రోగం చుక్కానిది కాదండి. ఇంజను తిప్పేదాంట్లో ఉంది. నీళ్లలో తిరిగే ఆ మూడు రెక్కల పంకాలో."

"నాచు చుట్టుకుని ఉంటుంది."

"నాచుకు శుక్రవారం తెలియదండి."

"ఇరుసు వంగిందేమో?"

"శుక్రవారం వంగి సోమవారానికి దానంతటదే నిటారుగా అవదు కదండి. విరిగిన రెక్కా అంతే, తనే అతుక్కోదు." అబ్రహాము గొంతు పెంచాడు. నాలుగు బారల దూరంలో చంద్రరావు చీటీలు సర్దుకుంటున్నాడు. "కావడిలో ఒక కుండ నిండుగా, ఒక కుండ వెలితిగా ఉందనుకోండి. మెల్లగా నడిస్తే తెలియదు. పరుగెడితే భుజం అదిరిపోతుంది. ఈ పంకాలో ఒక రెక్కకు శుక్రవారం ధవళేశ్వరంలో బరువెక్కుతోందండి. కాకినాడలో దిగిపోతోంది. అదేంటో చింతలంక లాకుల్లో దించి చూద్దామండి."

ఆ మాటకు అర్థం ఇన్స్పెక్టరుకు అప్పుడే తడుతోంది. ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

మెల్లగా పోనిచ్చి ఎనిమిదీ నలభై ఒకటికి చింతలంక చేరారు. లాంచీ లాకులోకి వెళ్లింది, ముందూ వెనకా తలుపులు మూసుకున్నాయి. లోపల నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. అబ్రహాము ఇంజను గదిలోకి దిగి, లోవరాజుతో రెండు నిమిషాలు మాట్లాడి, కోటు జేబు సర్దుకుంటూ పైకొచ్చాడు.

"పల్లంరాజు దిగి చూస్తాడండి. సంకెళ్లు తియ్యాలి."

"ఖైదీకి సంకెళ్లు తీసి నీళ్లలోకి వదలమంటావా? వాళ్లు చేపలు పట్టే జాతి. మునిగితే కాకినాడలో తేలతాడు!"

"రెండు పక్కలా తలుపులు మూసి ఉన్నాయండి. అయినా పారిపోతే వాడి సంకెళ్లు నాకు వెయ్యండి."

ఇన్స్పెక్టరు రెండు పక్కల తలుపులూ చూసుకున్నాడు. తాళంచెవి తీశాడు. పల్లంరాజు మణికట్లు రుద్దుకుని, వెనకభాగాన నిలబడి, గంగమ్మకు దణ్ణం పెట్టి మునిగాడు.

ప్రయాణికులూ కళాసులూ ఇన్స్పెక్టరూ అందరూ లాంచీ వెనక్కి చేరి నీళ్లలోకి వంగి చూస్తున్నారు. అబ్రహాము గడియారం చూస్తున్నాడు. అర నిమిషం. ముప్పావు. బుడగలు వస్తున్నాయి. పంకా రెక్కల మధ్య మనిషి ఉన్నాడని అందరికీ తెలుసు. నిమిషం నిండింది.

అప్పుడు ఇంజను గదిలో గంట మోగింది. ఒకటి. రెండు. మూడు.

పూర్తి జోరు!

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. ఇన్స్పెక్టరు "ఆపండి, ఆపండి!" అని అరిచాడు. మూడు ఇనుప రెక్కలు గిర్రున తిరిగితే కింద ఉన్న మనిషి ముక్కలు కూడా దొరకవు.

ఇంజను కదల్లేదు.

అబ్రహాము జేబులోంచి నల్లటి ఇనుప పిడి ఒకటి పైకి తీశాడు. ఇంజనులోకి ఆవిరి వదిలే పిడి అది. అది లేకపోతే గంటలు మూడు కాదు, ముప్పై కొట్టినా పంకా తిరగదు. "ఎవరో ఒకరు గంట కొడతారేమోనని ఊడదీసి తెచ్చానండి," అన్నాడు. "వెనక అందరం ఉన్నాం. ముందు ఎవరున్నారో చూడండి."

ఇన్స్పెక్టరు జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. చక్రం దగ్గర చంద్రరావు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"కాలు తగిలింది బావా."

ఇన్స్పెక్టరు తాడు కేసి చూశాడు. అది ఆయన తలపాగా కన్న ఎత్తులో వేలాడుతోంది. "నీ కాలు అంత పైకి లేస్తుందని నాకు తెలియదు చంద్రం," అన్నాడు.

వెనక పల్లంరాజు తేలాడు. గంట సంగతి అతనికి తెలియదు. "రెండు రెక్కలు పలచగా ఉన్నాయండి," అన్నాడు వగరుస్తూ. "మూడోదానికి తొడుగు వేశారండి. రెండు మరలున్నాయి. పానా ఇవ్వండి."

మళ్లీ మునిగి, రెండు వీశెల బరువున్న నల్లటి రేకు ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు. అబ్రహాము గొడుగు మొనతో తారు గీకాడు. కింద పసుప్పచ్చగా మెరిసింది. మూడు గుళ్ల నగలు కరిగి రేకులయ్యాయి. మూడు రేకులు ఇప్పటికే వెళ్లిపోయాయి, ఇది నాలుగోది. సోమవారం ఇన్స్పెక్టరు ఎక్కినప్పుడు రెక్క ఖాళీ. అన్ని పడవల్లోనూ బియ్యం బస్తాలు పొడిచి చూసినవాళ్లు నీళ్లలో తిరిగే పంకాను చూస్తారా? పైగా సోదా చీటీ రాసింది స్వయంగా దొంగే.

"నేను పూజ పొడిగించానండి," అన్నాడు పల్లంరాజు నెమ్మదిగా. అతనికి అంతా ఒక్కొక్కటిగా అర్థమవుతోంది. "అమ్మకు కోపమొచ్చిందని..."

"నువ్వు తాంబూలాలు పెంచిన కొద్దీ ఆయనకు మరలు బిగించే తీరిక పెరిగిందయ్యా. వెనక్కి చూడనివాళ్లను మోసం చెయ్యడమంత సులువు ఇంకోటి లేదు."

పల్లంరాజు నీళ్లకు చేతులు జోడించాడు. "అయితే అమ్మకు నా మీద కోపం లేదన్నమాట," అన్నాడు. మూడు వారాల దిగులు ఆ ఒక్క మాటతో దిగిపోయింది. అది చూసి అబ్రహాముకు పులస తిన్ననాటి కంటే తృప్తిగా అనిపించింది.

పల్లంరాజు చేతుల నుంచి తీసిన సంకెళ్లు ఇంకా ఇన్స్పెక్టరు చేతిలోనే ఉన్నాయి. ఆయన వాటిని బావమరిది మణికట్లకు తగిలించి తాళం వేశాడు. ఆ పని మాత్రం మర్యాదగా, ఎక్కడా నొక్కకుండా చేశాడు.

"అక్కయ్యకు ఏం చెబుతావు బావా?"

"గారెలు బాగున్నాయని చెబుతాను." నరసింహమూర్తి ఒకసారి దగ్గి మళ్లీ ఇన్స్పెక్టరయ్యాడు. "రేకు కాకినాడలో ఎవరు విప్పుకుంటారు?"

చంద్రరావు మొదటిసారి నవ్వు మానేశాడు. "ఆ పేరు నాకూ తెలియదు. ఒంటిగంటకు రేవులో ఉంటాడు. మొదటి రెండుసార్లు ఆలస్యమైనా ఆగాడు గానీ, ఇక ఒంటిగంట దాటి ఒక్క నిమిషమైనా ఆగనన్నాడు. లాంచీలో పోలీసులు కనబడితే ముందు తుపాకీ పేలుస్తాడు, తర్వాత మాట్లాడతాడు. వద్దు బావా, పోనీ."

అబ్రహాము గడియారం చూశాడు. తొమ్మిదీ అయిదు. ఒక గంటకు పైగా వెనకబడి ఉన్నారు. మామూలు జోరుతో వెళితే రెండు దాటుతుంది. ఒంటిగంటకు చేరాలంటే దారి పొడుగునా పూర్తి జోరే పెట్టాలి. కొత్త సరంగు ఆ మాట విని చక్రానికి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఈ మలుపుల్లో అంత జోరు తన వల్ల కాదన్నాడు.

ఇన్స్పెక్టరు జేబులోంచి కేసు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, చింపి, లాకు నీళ్లలో వేశాడు.

"పల్లంరాజూ, చక్రం పట్టు."

అబ్రహాము పిడి తీసుకెళ్లి లోవరాజుకిచ్చాడు. లాకు తలుపులు తెరుచుకున్నాయి. పల్లంరాజు తడిబట్టలతోనే చక్రం ముందు నిలబడి, తాడు అందుకుని మూడు గంటలు కొట్టాడు. లాంచీ జోరందుకుంది. పోయిన వారం పడవను గుద్దిన మలుపు వచ్చింది. చెక్కలు చెక్కలైన సున్నపు పడవ ఇంకా గట్టు మీదే పడి ఉంది. అబ్రహాము వంగి చక్రం అంచు మీద అరచెయ్యి ఆనించాడు. ఇనుము చల్లగా, నిబ్బరంగా ఉంది. మలుపు తిరిగాక కూడా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

అప్పుడు చూశాడు. చక్రం వణకడం లేదు గానీ, దాన్ని పట్టుకున్న పల్లంరాజు చేతులు రెండూ ఆ విరిగిన పడవ దాటాక కూడా గడగడ వణుకుతున్నాయి. ఇన్స్పెక్టరు కూడా చూశాడు. పక్కకు వచ్చి నిలబడి, తన చెయ్యి ఒకటి ఆ చేతుల మీద వేసి, కాకినాడ వైపు చూస్తూ ఉండిపోయాడు.